ఫార్ములా బట్టీ పట్టొద్దు, లెక్క కట్టండి

పదో తరగతి గట్టెక్కగానే కెమిస్ట్రీకి ఒక దండం పెట్టి వేరే గ్రూపులోకి వెళ్లిపోయినవాళ్ల కోసం ఈ అధ్యాయం. గ్రూప్స్‌కు చదువుతూ జనరల్ సైన్స్‌లో రసాయన శాస్త్రం పేజీలను "చివర్లో చూద్దాంలే" అని మడిచిపెట్టేవాళ్లు ఇందులోకి వస్తారు. తొమ్మిదో తరగతి చదివే కూతురు "నాన్నా, అల్యూమినియం సల్ఫేట్‌లో అల్యూమినియాలు రెండు, సల్ఫేట్లు మూడు ఎందుకుంటాయి?" అని అడిగితే "మీ టీచర్‌ను అడుగమ్మా" అని పేపర్లోకి తలదూర్చేవాళ్లూ వస్తారు.

ఈ సబ్జెక్టు మనలో చాలామందికి ఎక్కకపోవడానికి కారణం చెప్పిన వరస. ముందు సంకేతాలు, వాటి వెనకాల వేలన్సీల పట్టిక, ఆ పైన ఫార్ములాలు, సమీకరణాలు. ఇదంతా కంఠతా పట్టించాక ఎప్పటికో ఎలక్ట్రాన్ల ఊసు వస్తుంది. అప్పటికే మనసు విరిగిపోయి ఉంటుంది. ఇక్కడ ఆ వరస తిరగేద్దాం. ఏ పదార్థం పేరు కనబడినా రెండే ప్రశ్నలు వేసుకోండి. ఇందులో ఉన్నవాటి ఆవేశం ఎంత? ప్రస్తుతం ఎవరు ఎవరితో జతకట్టి ఉన్నారు? ఈ రెండింటికీ జవాబు చెప్పగలిగితే పదో తరగతి స్థాయి కెమిస్ట్రీలో సగం పైన చేతికొచ్చినట్టే. ఇంగ్లిష్ సంకేతాలను ఈ అధ్యాయంలో కావాలనే పక్కన పెట్టాను. పేర్లతో లెక్క కట్టడం వచ్చాక సంకేతాలు నేర్చుకోవడం ఒక పూట పని.

సోడియం దానకర్ణుడేమీ కాదు

సోడియం పరమాణువులో ఎలక్ట్రాన్లు పదకొండు. మూడు కర్పరాల్లో రెండు, ఎనిమిది, ఒకటిగా సర్దుకుని ఉంటాయి. ఆ చివరి ఒక్కటీ పోతే మిగిలేవి పది. కేంద్రకంలో ప్రోటాన్లు మాత్రం పదకొండే. పదకొండు ప్లస్‌లు, పది మైనస్‌లు, నికరంగా ఒక ప్లస్. దీన్నే సోడియం అయాన్ అంటాం. క్లోరిన్‌లో ఎలక్ట్రాన్లు పదిహేడు: రెండు, ఎనిమిది, ఏడు. ఒకటి వచ్చి చేరితే పద్దెనిమిదవుతాయి, నికరంగా ఒక మైనస్ మిగులుతుంది. అప్పుడు దాని పేరు క్లోరైడ్. ఈ వ్యవహారమంతా బయటి కర్పరంలోనే. కేంద్రకం జోలికి ఏ రసాయన చర్యా పోదు.

సోడియం తన ఎలక్ట్రాన్‌ను "సంతోషంగా ఇచ్చేస్తుంది" అని చాలా గైడ్లలో రాస్తారు. సంతోషమేమీ లేదు. ఒక మోల్ (పరమాణువులను లెక్కపెట్టడానికి వాడే ఒక స్థిరమైన కట్ట) సోడియం పరమాణువుల నుంచి తలా ఒక ఎలక్ట్రాన్ ఊడగొట్టాలంటే 496 కిలోజౌళ్లు ఖర్చు. వాటిని క్లోరిన్ పరమాణువులు తీసుకుంటే తిరిగి వచ్చేది 349. ఇక్కడిదాకా చూస్తే నష్టపు బేరమే. మరి ఉప్పు ఎందుకు ఏర్పడుతోంది? ప్లస్‌లూ మైనస్‌లూ ఒకదాన్నొకటి లాక్కుని స్ఫటికంగా పేర్చుకుంటాయి చూడండి, అక్కడ 787 కిలోజౌళ్లు విడుదలవుతాయి. అసలు లాభం అక్కడుంది. బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండాలన్న నియమం గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుంది. కారణం మాత్రం శక్తి లెక్క. పరీక్షలో అష్టక నియమం రాయండి, మనసులో ఈ లెక్క ఉంచుకోండి.

అయాన్‌కూ దాని మాతృ పరమాణువుకూ గుణంలో పోలికే ఉండదన్నది ఇక్కడ పట్టుకోవాల్సిన ముఖ్యమైన సంగతి. సోడియం లోహాన్ని కిరోసిన్‌లో ముంచి దాచాలి, నీళ్లలో చిన్న ముక్క పడినా సుయ్యిమంటూ తిరిగి మండుతుంది. క్లోరిన్‌ను 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం విషవాయువుగా వదిలింది. ఈ రెండూ కలిసి అయాన్లయ్యాక ఆవకాయ జాడీలోకి వస్తాయి. అందుకే "ఉప్పులో సోడియం ఉంది" అన్న వాక్యం విన్నప్పుడు లోహం గుర్తుకు రాకూడదు, ఒక ప్లస్ ఉన్న అయాన్ గుర్తుకు రావాలి. టీవీ చర్చల్లో "అందులో క్లోరిన్ ఉంది, ఇందులో ఫ్లోరిన్ ఉంది" అని భయపెట్టేవాళ్లు చేసే మోసం ఇక్కడే జరుగుతుంది.

ఉప్పు కణంలో సోడియం ఒకటి, క్లోరైడ్ ఒకటి జంటలు జంటలుగా ఉండవు. ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియాలు. ఫార్ములా చెప్పేది నిష్పత్తి మాత్రమే. ఇంత గట్టి కట్టడం కనుకే ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. అదే ఉప్పు గ్లాసు నీళ్లలో వేస్తే నిమిషంలో విడిపోతుంది, ఆ నీళ్లలో కరెంటు పారుతుంది. పొడి ఉప్పులో పారదు.

నీళ్లలో పడగానే ఉప్పు ప్లస్‌లు మైనస్‌లుగా విడివడి తిరుగుతుందన్న ఆలోచన ఇప్పుడు మనకు మామూలే. స్వీడన్‌కు చెందిన స్వాంటే అరీనియస్ 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయానికి ద్రావణాల విద్యుద్వాహకత మీద పరిశోధన వ్యాసం ఇస్తే పరీక్షకులు బొటాబొటి మార్కులతో గట్టెక్కించారు. 1887లో ఆ సిద్ధాంతాన్ని ఇంకా స్పష్టంగా చెప్పాడు. 1903లో దానికే నోబెల్ బహుమతి వచ్చింది. తక్కువ మార్కులొచ్చిన ప్రతివాడూ అరీనియస్ కాడు లెండి. కానీ కొత్త తర్కం తలకెక్కడానికి ప్రొఫెసర్లకే అన్నేళ్లు పట్టినప్పుడు మీరు ఒక వారం తీసుకుంటే నామోషీ ఏమీ లేదు.

శుభలేఖల అట్టతో ఒక పని

ఇప్పుడు కత్తెర తీసుకోండి. పాత పెళ్లి శుభలేఖలు ప్రతి ఇంట్లో ఓ కట్ట ఉంటాయి. వాటి అట్టను రెండు వేళ్ల ఎత్తున పట్టీలుగా కోయండి. ఒక ఆవేశం ఉన్న అయాన్‌కు రెండు సెంటీమీటర్ల పొడవు ముక్క, రెండు ఆవేశాలుంటే నాలుగు సెంటీమీటర్లు, మూడుంటే ఆరు. ప్లస్ వాటి పేర్లు ఎర్ర ఇంకుతో, మైనస్ వాటివి నీలం ఇంకుతో రాయండి. ఒక్కో పేరుతో నాలుగైదు ముక్కలు ఉండాలి.

ఎర్ర వాటిలో సోడియం, పొటాషియం, హైడ్రోజన్, అమ్మోనియం ఒక ఆవేశానివి. కాల్షియం, మెగ్నీషియం, జింక్ రెండువి. అల్యూమినియం మూడు. ఇనుముకు రెండు రకాల ముక్కలు కోయాలి: ఫెర్రస్ అంటే రెండు, ఫెర్రిక్ అంటే మూడు. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్ర మీద ఫెర్రస్ సల్ఫేట్ అని ఉంటుంది, గేటు మీద పట్టే తుప్పులో ఉండేది ఫెర్రిక్. నీలం వాటిలో క్లోరైడ్, ఫ్లోరైడ్, హైడ్రాక్సైడ్, నైట్రేట్, బైకార్బొనేట్ ఒక ఆవేశానివి. ఆక్సైడ్, కార్బొనేట్, సల్ఫేట్ రెండువి. ఫాస్ఫేట్ మూడు. ఇంతే. ఇరవైకి లోపే. పట్టికలో వంద పైన మూలకాలు ఉన్నాయని బెదిరిపోయినవాళ్లకు నిజంగా అవసరమయ్యేది ఈ గుప్పెడే.

ఇక ఆట ఒకే సూత్రం మీద నడుస్తుంది. ఎర్ర వరస పొడవూ నీలం వరస పొడవూ సమానం కావాలి. సోడియం ముక్క కింద క్లోరైడ్ ముక్క పెట్టండి, సరిపోయింది. కాల్షియం కింద ఒక క్లోరైడ్ పెడితే సగమే నిండుతుంది, ఇంకొకటి కావాలి. కాల్షియం క్లోరైడ్‌లో క్లోరైడ్లు రెండెందుకో ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. పాప అడిగిన అల్యూమినియం సల్ఫేట్ చూద్దాం. ఆరు సెంటీమీటర్ల ఎర్ర ముక్క కింద నాలుగు సెంటీమీటర్ల నీలం ముక్క, ఇంకా రెండు ఖాళీ. రెండో సల్ఫేట్ పెడితే రెండు ఎక్కువ. ఇంకో అల్యూమినియం తెచ్చి చేర్చితే పైన పన్నెండు, కింద ఎనిమిది. మూడో సల్ఫేట్ పెట్టగానే పన్నెండుకు పన్నెండు. చేత్తో ఇలా జరుపుతూ ఒకసారి చేసిన పిల్ల ఆ రెండూ మూడూ మళ్లీ మరిచిపోదు. అడ్డంగా వేలన్సీలు మార్చి రాసే చిట్కా కూడా ఇదే జవాబిస్తుంది గానీ, ఆ చిట్కా ఎందుకు పనిచేస్తుందో అది చెప్పదు. దాన్నే నమ్ముకున్న పిల్లలు కాల్షియం ఆక్సైడ్‌లో రెండు కాల్షియాలు, రెండు ఆక్సిజన్లు రాసి కూర్చుంటారు.

సల్ఫేట్, ఫాస్ఫేట్ లాంటివి ఒక్క పరమాణువుతో ఏర్పడినవి కావు. కొన్ని పరమాణువులు గుంపుగా కట్టుకుని, ఆ గుంపు మొత్తానికి ఆవేశం ఉంటుంది. పేరు చివర "ఏట్" వినబడితే అందులో ఆక్సిజన్ కలిసిన గుంపు ఉందనుకోండి, "ఐడ్" అంటే సాధారణంగా ఒంటరి. హైడ్రాక్సైడ్ ఒక్కటి ఈ ఆనవాలును తప్పిస్తుంది. ఫార్ములా కట్టేటప్పుడు గుంపును ఎప్పుడూ ఒకే ముక్కగా చూడండి, విడదీయకండి. ఈ ఫాస్ఫేట్‌తో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుకు గట్టి సంబంధం ఉంది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫేట్ ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించాడు. మాలిబ్డేట్ కలిపి, ఆ తర్వాత నీలం రంగు తెప్పించి, ఆ నీలం ఎంత చిక్కగా ఉందో చూస్తారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరు బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇవ్వడం లేదు, పంచుకోవడం ఉంది

అట్ట ముక్కలు పనికిరాని చోటు ఒకటుంది. నీళ్లు, పంచదార, వంటగ్యాస్, గ్లూకోజ్ వీటిలో అయాన్లు లేవు. ఇక్కడ ఎలక్ట్రాన్లను ఎవరూ ఎవరికీ ఇవ్వరు, కలిపి వాడుకుంటారు. ఇద్దరు అన్నదమ్ముల పొలాల గట్టు మీద ఉమ్మడి బావి ఉంటే ఇద్దరి లెక్కలోనూ అది పడుతుంది కదా, అలా. అమెరికాలో గిల్బర్ట్ లూయిస్ 1916లో ఈ ఉమ్మడి జంట ఎలక్ట్రాన్ల ఆలోచన బయటపెట్టాడు. సమయోజనీయ బంధం అని పాఠ్యపుస్తకాలు అంటాయి. ఆక్సిజన్ బయటి కర్పరంలో ఆరు ఎలక్ట్రాన్లు, ఇంకో రెండు కావాలి కనుక రెండు హైడ్రోజన్లతో చెరొక జంట పంచుకుంటుంది. నీటి అణువు అదే.

అయితే ఈ పంపకం సమానం కాదు. ఆక్సిజన్ ఆ జంటలను తన వైపు ఎక్కువ లాక్కుంటుంది. దాంతో నీటి అణువుకు ఆక్సిజన్ కొసన కాస్త మైనస్, హైడ్రోజన్ కొసన కాస్త ప్లస్ వస్తాయి. ఉప్పును నీళ్లు విడగొట్టగలగడానికి కారణం ఈ చిన్న పక్షపాతమే. నూనెలో ఉప్పు ఎందుకు కరగదో దీన్నిబట్టి ఆలోచించి చూడండి.

ఏది అయానిక, ఏది సమయోజనీయ అని తేల్చడానికి మోటు లెక్క ఒకటుంది. లోహం, అలోహం కలిస్తే అయానిక. రెండూ అలోహాలైతే పంపకం. అంచుల దగ్గర ఈ లెక్క తప్పుతుంది, కానీ మొదటి ఏడాదికి చాలు.

పిడుగురాళ్ల బట్టీ దగ్గర

రసాయన చర్య అనగానే పొగలు, రంగులు ఊహించుకుంటారు. నా దృష్టిలో అంతకంటే మంచి పాఠం సున్నం చెబుతుంది. పల్నాడు జిల్లా పిడుగురాళ్లకు లైమ్ సిటీ అని పేరు. చుట్టూ సున్నపురాయి, ఊరి పొడవునా సున్నపు బట్టీలు. ఇక్కడ జరిగేదాన్ని మన రెండు ప్రశ్నలతో వెంటాడితే సమ్మేళనం, రెండు రకాల బంధాలు, రసాయన చర్య అన్నీ ఒకే రాయిలో దొరుకుతాయి.

సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. కాల్షియానికి రెండు ప్లస్, కార్బొనేట్‌కు రెండు మైనస్. ఈ రెంటి మధ్య ఉన్నది అయానిక బంధం. కార్బొనేట్ గుంపు లోపల ఒక కార్బన్, మూడు ఆక్సిజన్లు ఉన్నాయి, వాటి మధ్య ఉన్నది పంపకపు బంధం. ఒకే రాయిలో రెండూ ఉన్నాయి. బట్టీలో రాయీ బొగ్గూ పొరలు పొరలుగా వేసి మంట పెడతారు. వేడి 900 డిగ్రీల దరిదాపుకు చేరాక కార్బొనేట్ గుంపు చీలుతుంది. కార్బన్ తనతో రెండు ఆక్సిజన్లను తీసుకుని కార్బన్ డై ఆక్సైడ్ వాయువుగా లేచిపోతుంది. మూడో ఆక్సిజన్, గుంపుకున్న రెండు మైనస్‌లనూ మోస్తూ కాల్షియం దగ్గరే ఉండిపోతుంది. అదే ఆక్సైడ్. కాల్షియానికి ఏమీ కాలేదు, వెనకటి రెండు ప్లస్‌లతోనే కూర్చుని ఉంది. జత మారింది, అంతే. బయటికొచ్చిన తెల్లని, తేలికైన గడ్డ పేరు పొడి సున్నం.

ఎందుకు తేలికైంది? వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి కాలిస్తే 56 కిలోల పొడి సున్నం మిగులుతుంది, 44 కిలోలు గాల్లో కలుస్తుంది. ఈ అంకెలు పరమాణు భారాల నుంచి వచ్చాయి: కాల్షియం 40, కార్బన్ 12, ఆక్సిజన్ 16. మీరే కూడి చూడండి. ద్రవ్యనిత్యత్వ నియమం అన్న గంభీరమైన పేరు వెనక ఉన్నది ఈ కూడిక. ఆ 44 కిలోలు బొగ్గు పొగ కాదు, రాయి లోపలిదే. బొగ్గు మండి వదిలేది దానికి అదనం. సున్నం, సిమెంటు పరిశ్రమల నుంచి వచ్చే కార్బన్ డై ఆక్సైడ్‌ను తగ్గించడం కష్టమని ఎందుకంటారో ఇక్కడ తెలుస్తుంది. ఇంధనం మార్చినా రాయి మారదు కదా.

ఆ గడ్డల మీద నీళ్లు పోస్తే బుసబుసలాడి, సలసల మరిగి, పగిలి పిండైపోతాయి. వెల్ల వేసే రోజుల్లో తొట్టిలో సున్నం ఉడకడం చూసినవాళ్లకు ఆ వేడి గుర్తుంటుంది. మంట పెట్టకుండా నీళ్లు ఎలా మరిగాయి? ఆక్సైడ్ ఒకటి, నీటి అణువు ఒకటి కలిసి రెండు హైడ్రాక్సైడ్లయ్యాయి, ఆ కొత్త ఏర్పాటులో మిగిలిన శక్తి వేడిగా బయటపడింది. అట్ట ముక్కలతో చేయండి: నాలుగు సెంటీమీటర్ల కాల్షియం కింద రెండేసి సెంటీమీటర్ల హైడ్రాక్సైడ్లు రెండు. 56 కిలోల పొడి సున్నం 18 కిలోల నీళ్లు తాగి 74 కిలోల తడి సున్నం అవుతుంది.

గోడకు వేసిన తర్వాత తడి ఆరిపోవడం వల్ల సున్నం గట్టిపడిందనుకుంటాం. ఆరడం సగం కథే. గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ నెమ్మదిగా వచ్చి చేరుతుంది, హైడ్రాక్సైడ్లు రెండూ తప్పుకుని వాటి స్థానంలో ఒక కార్బొనేట్ కూర్చుంటుంది, నీళ్లు బయటికి పోతాయి. రెండు ఒకట్లు పోయి ఒక రెండు వచ్చింది, పొడవు సరిపోయింది. గోడ మీద ఇప్పుడున్నది మళ్లీ కాల్షియం కార్బొనేట్, పల్చటి సున్నపురాయి పొర. స్కూల్లో సున్నపుతేటలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడిందే, అదీ ఇదే చర్య.

సమీకరణం తుల్యం చేయడం అనే గండం కూడా ఇదే ఊపులో దాటేయొచ్చు. ఇంట్లో తాండూరు బండలో బేతంచర్ల బండలో ఉంటే, అవి సున్నపురాయి జాతివే. బాత్‌రూమ్ యాసిడ్ ఒలికితే వాటి మీద నురగ వస్తుంది, నిగనిగ పోతుంది. ఈ యాసిడ్ అంటే హైడ్రోజన్ క్లోరైడ్ కలిసిన నీళ్లు. కాల్షియానికి క్లోరైడ్లు రెండు కావాలి, ఒక యాసిడ్ అణువు దగ్గర ఒకటే ఉంది, కనుక యాసిడ్‌వి రెండు తీసుకోవాలి. వాటితో వచ్చిన రెండు హైడ్రోజన్లు కార్బొనేట్‌లోని ఒక ఆక్సిజన్‌ను పట్టుకుని నీరవుతాయి, మిగిలింది కార్బన్ డై ఆక్సైడ్‌గా నురగ కడుతుంది. సమీకరణంలో యాసిడ్ ముందు రెండు ఎక్కడ నుంచి వచ్చిందో చూశారుగా. సమ్మేళనం లోపలి అంకెలను ముట్టుకోకూడదు, ఎన్ని సమ్మేళనాలు అన్నది మాత్రమే మార్చాలి. నిజానికి తుల్యం చేయడంలో తప్పులు చాలావరకు ఈ ఒక్క హద్దు దాటడం వల్ల వచ్చేవే.

ఎర్రనీళ్లు, నల్లగొండ నీళ్లు

మీ చేత్తో చేసి చూడాల్సిన ప్రయోగం ఒకటే చెబుతాను. దిష్టి తీయడానికి అమ్మమ్మలు ఎర్రనీళ్లు ఎలా కలుపుతారో తెలుసు కదా: పళ్లెంలో నీళ్లు, చిటికెడు పసుపు, వేలి కొసన సున్నం. పసుపు నీళ్లు చూస్తుండగానే ఎర్రబడతాయి. పారాణి రహస్యమూ అదే. ఇక్కడ పని చేసింది కాల్షియం కాదు, దాని జతగాడైన హైడ్రాక్సైడ్. పసుపులోని కుర్కుమిన్ అణువు నుంచి అది హైడ్రోజన్ అయాన్‌ను లాగేసుకుంటుంది, అణువు కాంతిని పీల్చే తీరు మారి ఎరుపు కనిపిస్తుంది. రుజువు కావాలంటే అందులో నిమ్మరసం పిండండి. నిమ్మరసం హైడ్రోజన్ అయాన్లను తిరిగి తెస్తుంది, ఎరుపు పోయి పసుపు మళ్లీ తేలుతుంది. చొక్కా మీద కూర మరక సబ్బు తగలగానే ఎర్రబడి, జాడించాక పసుపు కావడం కూడా ఇదే. ఆమ్లం, క్షారం, తటస్థీకరణం అన్న మూడు పాఠాలు ఒక పళ్లెంలో అయిపోయాయి.

ఆవేశం, జత అనే ఈ లెక్క పరీక్ష హాలు దాటి ఎంత దూరం పోతుందో చూడాలంటే నల్లగొండ నీళ్ల దగ్గరికి రావాలి. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. తర్వాత నల్లగొండ పేరు ఈ జబ్బుతో ముడిపడిపోయింది. వంగిన వెన్నులు, దొడ్డికాళ్లు, గార పట్టిన పళ్లు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఫ్లోరైడ్, ఆ ప్రాంతపు చాలా బోర్లలో అంతకు మించి ఉండేది.

అది ఎముకలోకి ఎలా దూరింది? ఎముక గట్టిదనానికి మూలమైన ఖనిజంలో కాల్షియం, ఫాస్ఫేట్, వాటితోపాటు హైడ్రాక్సైడ్ ఉంటాయి. ఫ్లోరైడ్‌కూ ఒక మైనస్, హైడ్రాక్సైడ్‌కూ ఒక మైనస్. సైజులో కూడా రెండూ దగ్గర దగ్గరే. మన అట్ట ముక్కల్లో రెండిటి పొడవూ ఒకటే కనుక ఒకటి తీసి ఇంకొకటి పెట్టినా వరస చెదరదు. ఎముకలోనూ సరిగ్గా అదే జరుగుతుంది. కొద్దిగా అయితే పంటి పైపొరకు మేలే, అందుకే టూత్‌పేస్టుల్లో వేస్తారు. ఏళ్ల తరబడి ఎక్కువగా చేరితే ఎముక కట్టుబాటే మారిపోతుంది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే నీళ్లలో మామూలుగా కాల్షియం తక్కువగా ఉంటుందన్నది కూడా ఇక్కడ కలుపుకోండి. కాల్షియం ఫ్లోరైడ్ నీళ్లలో దాదాపు కరగదు. కాల్షియం పుష్కలంగా ఉంటే ఫ్లోరైడ్ దానితో జతకట్టి అడుగున చేరుతుంది. లేకపోతే నీళ్లలోనే తిరుగుతుంది.

నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించిన శుద్ధి విధానానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు. నీళ్లలో సున్నం, పటిక వేసి కలిపి, తేరనిచ్చి, వడపోస్తారు. నీటి శుద్ధికి వాడే పటిక అంటే ఏమిటనుకున్నారు? పాప అడిగిన అల్యూమినియం సల్ఫేటే. నీళ్లలో అల్యూమినియం సల్ఫేట్లను వదిలి మూడు హైడ్రాక్సైడ్లతో జత కడుతుంది, దూదిపింజల్లాంటి ముద్ద ఏర్పడుతుంది, ఆ ముద్ద ఫ్లోరైడ్‌ను తనతో పట్టుకుని కిందికి దిగుతుంది. ఖర్చు తక్కువ, అర్థం చేసుకోవడం తేలిక. రోజూ మడ్డి తీసిపారేయాలి, పాళ్లు సరిగ్గా వేయాలి, ఆ ఓపిక లేని చోట మూలపడుతుంది. నదీ జలాలు తెచ్చి ఇవ్వడమే మంచి దారి అని నేనూ అంటాను. మెరుగైన నీళ్లు వచ్చేదాకా ఊరికి పనికొచ్చింది మాత్రం ఈ కెమిస్ట్రీయే.

జాగ్రత్తల గురించి కొంచెం. బాత్‌రూమ్ యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపకండి, ఒకటి వాడిన చోట కడగకుండా రెండోది చల్లకండి. బ్లీచింగ్‌లోని హైపోక్లోరైట్, యాసిడ్‌లోని క్లోరైడ్ కలిసి ఈప్ర్‌లో వదిలిన వాయువే మీ బాత్‌రూమ్‌లో పుడుతుంది. తమలపాకుల దగ్గరి సున్నం ట్యూబులూ పొట్లాలూ పిల్లలకు అందనివ్వకండి. నొక్కితే చిట్లి కంట్లో పడుతుంది, ఆ హైడ్రాక్సైడ్ కంటిపాపను కాల్చేస్తుంది. పడితే నలపకుండా, ఏ మందూ వేయకుండా ధారగా నీళ్లతో కడుగుతూనే ఉండి ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇక చివరి అభ్యాసం. ల్యాబ్ రిపోర్టులో సీరం ఎలక్ట్రోలైట్స్ కింద సోడియం, పొటాషియం, క్లోరైడ్ అని ఉంటాయి. అవన్నీ అయాన్లేనని ఇప్పుడు చెప్పనక్కర్లేదు. మందుల షాపు నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన ఓఆర్ఎస్ పొట్లం ఒకటి తెచ్చి, వెనక అచ్చేసిన చిన్న అక్షరాలు చదవండి. సోడియం క్లోరైడ్, పొటాషియం క్లోరైడ్, ట్రైసోడియం సిట్రేట్, గ్లూకోజ్. ట్రై అంటే మూడు, సోడియం మూడు కావాల్సి వచ్చిందంటే సిట్రేట్‌కు మూడు మైనస్‌లున్నట్టే, పేరే చెబుతోంది. ఆ కిందే లీటరుకు ఎన్ని మిల్లీమోల్స్ అన్నది ఉంటుంది: సోడియం 75, పొటాషియం 20, క్లోరైడ్ 65, సిట్రేట్ 10, గ్లూకోజ్ 75.

ప్లస్‌లు కూడండి: 75, 20 కలిపి 95. మైనస్‌లు: క్లోరైడ్ 65, సిట్రేట్ పది మూళ్లు ముప్ఫై, మొత్తం 95. గ్లూకోజ్‌ను రెండు వైపులా ఎందుకు వదిలేశామో పాపకు మీరే చెప్పండి.